అరటి బోదెలు నానిన నీళ్లు

ఆరేళ్ల కిందట మా ఇంజనీరింగ్ కాలేజీలో ఒక లెక్చరరమ్మాయి పరిశోధనలో దొంగ లెక్కలు రాసిందని ఒక మాట పుట్టింది. విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ మధ్య ఒక పెళ్లి భోజనంలో నా పక్క కుర్చీ ఆయన పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "అరటి బోదెతో కరెంటన్నారే, ఆ బోగస్ వ్యవహారం మీ కాలేజీలోదే కదండీ?" అని అడిగాడు. నేను తలాడించాను. ఔననీ కాదనీ తేలకుండా తలాడించడం నాకు ఆరేళ్ల సాధన.

ఆ మాట అబద్ధం. అబద్ధమని మొదటినుంచీ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పరిశోధనలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇందులో పేర్లు ఉండవు, ఆమె వద్దంది. పేర్లున్న కాగితం వేరే ఉంది.

నేను కెమిస్ట్రీ మాస్టార్ని. కాలేజీలో నన్ను బొగ్గు మాస్టారనేవాళ్లు. ఎదురుగా అనేవాళ్లు కాదు గానీ, నాకు వినపడేంత దూరంలోనే అనేవాళ్లు. తొమ్మిదేళ్లపాటు గుర్రపుడెక్క మొక్కను బొగ్గు చేస్తూ కూర్చున్నవాడికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు?

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. సూపర్ కెపాసిటర్ అని ఒకటుంది, బ్యాటరీకి పెదనాన్న కొడుకు వరస. బ్యాటరీ నిండడానికి గంటలు పడితే ఇది చిటికెలో నిండుతుంది, చిటికెలో ఇచ్చేస్తుంది. దాని కడుపులో ఉండేది నల్లటి బొగ్గు పొడి. మామూలు బొగ్గు పనికిరాదు. ఒంటి నిండా కంటికి కనపడని రంధ్రాలుండాలి. రంధ్రాలు ఎన్ని ఎక్కువుంటే కరెంటు నిలవడానికి అంత చోటు. కొబ్బరి చిప్పలు, ఊక, చెరకు పిప్పి, ఏ మొక్కల చెత్తనైనా గాలి తగలకుండా కాల్చి, పొటాషియం క్షారం కలిపి మళ్లీ కాల్చితే, ఆ క్షారం బొగ్గును చీమల్లా తొలిచి రంధ్రాలు చేస్తుంది. మా పనంతా ఇంతే. ఇంతలోనే ఒక్కొక్కరి జీవితం గడిచిపోతుంది.

బందరు కాలువలో పేరుకునే గుర్రపుడెక్కనంతా కరెంటు దాచే పొడిగా మార్చెయ్యాలని నాకు పెద్ద ఆశ ఉండేది. తొమ్మిదేళ్లలో నాకొచ్చిన ఫలితాలు పాసు మార్కుల్లాంటివి. ఎవరూ తప్పుపట్టలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఊరి మధ్యనుంచి పారే కాలువలోంచి తీసిన గుర్రపుడెక్క ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. బురద, పాలిథిన్ కవర్లు, చెప్పకూడనివి ఎన్నో. అందుకని మొదటి ఏడాదే ఒక నియమం పెట్టాను. ల్యాబ్‌కి ఏ చెత్త వచ్చినా ముందు మూడు నీళ్లు కడగాలి, ఇరవైనాలుగు గంటలు మంచినీళ్లలో నానబెట్టాలి, ఆ తర్వాతే ఎండబెట్టి పొడి చెయ్యాలి. పెద్ద అక్షరాలతో రాసి వెనక షెడ్డు గోడకు అంటించాను. ఆ షెడ్డు చూసుకునే అటెండరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. కాలేజీ అంతా ఆయన్ని తాతా అని పిలిచేది. చదువు తక్కువే గానీ, చెప్పిన పని చెప్పినట్టు చేయడంలో ఆయనకు సాటి లేరు.

ఆమె ఫిజిక్స్‌లో కాంట్రాక్టు మీద చేరింది. ముప్పై నిండని పిల్ల. ఊరు కృష్ణ మధ్యలోని లంక. తండ్రి కౌలుకు అరటి వేస్తాడు. ఒకరోజు నా గది గుమ్మంలో నిలబడి అడిగింది.

"సార్, మీ ఫర్నేస్ వారానికొక రోజు నాకిస్తారా?"

"ఏం కాలుస్తావమ్మా?"

"అరటి బోదె సార్."

నేను నవ్వాను. "అందులో నీళ్లు తప్ప ఏముంది? బండెడు బోదెలు ఎండబెడితే గంపెడు రావు."

"గంపెడు చాలు సార్ నాకు. గెల కొట్టేశాక మా నాన్న బోదెలన్నీ నరికి గట్టుమీద పారేస్తాడు. అక్కడే కుళ్లిపోతాయి. చిన్నప్పట్నుంచీ ఆ వాసనలో పెరిగాను. దేనికన్నా పనికొస్తే చూద్దామని."

శనివారం ఇచ్చాను. శనివారం మా లైనులో కరెంటు కోత. అది తెలిసే ఇచ్చాను. క్షారం కావాలని ఆమె పెట్టుకున్న ఇండెంటు కూడా నా చేతిమీదుగానే వెళ్లాలి. దాన్ని సొరుగులో పెట్టి, నాలుగు వారాలు ఆగితే ఉత్సాహం అదే తగ్గుతుందిలే అనుకున్నాను. ఇంకా ఆమె చేసిందేమీ లేదు, నాకు పోయిందీ ఏమీ లేదు. అయినా ఆ వయసులో నేను అలా గుమ్మంలో నిలబడి అడగలేకపోయానన్న దుగ్ధ ఎక్కడో ఉన్నట్టుంది.

ఆమె ఆగలేదు. తండ్రి ఎండాకాలంలో లంక ఇసుకలో బోదెలను చక్రాలుగా కోసి ఎండబెడితే, గోనెసంచిలో బస్సు మీద తెచ్చుకుంది. క్షారం రాలేదు కాబట్టి ఉత్త బోదెనే కాల్చింది. కోత లేని గంటలు చూసుకుని, మధ్యాహ్నం భోజనం ఫర్నేస్ పక్కనే కూర్చుని తిని, కాల్చింది. వచ్చిన పొడిని చిన్న లోహపు బిళ్లకు పూసి, ఎంత కరెంటు నిలుస్తుందో కొలిస్తే, నా తొమ్మిదేళ్ల అంకెకు రెండింతల పైన వచ్చింది.

కెమికల్ ఏదీ కలపకుండా!

"బోదెను అడ్డంగా కోస్తే లోపల తేనెపట్టులా గదులుంటాయి సార్," అని అందరికీ చెప్పింది. "ఆ గదులే కాలాక రంధ్రాలవుతున్నాయి." ఫిజిక్స్ పిల్ల కదా, ఆకారమే చూసింది. అంత పెద్ద గదులకూ మాకు కావలసిన సూక్ష్మమైన రంధ్రాలకూ పొంతన లేదని నాకు తెలుసు. కానీ అసలు కారణం ఏమిటో నాకూ తెలియదు. అందుకని సెమినార్‌లో వెనక వరసలో కూర్చుని తప్పులు వెతికాను. ఒక యూనిట్ తప్పు రాసింది. చెయ్యెత్తి చెప్పాను. "థాంక్యూ సార్" అని అక్కడికక్కడే దిద్దుకుంది. ఆ ఒక్క యూనిట్ తప్పు నన్ను రెండు రోజులు సంతోషంగా ఉంచింది.

పేపర్లో జిల్లా పేజీలో ఫోటో వేశారు. ఫర్నేస్ పక్కన ఆమె నిలబడి ఉంది. అంచున ఎవరిదో ఒక మోచెయ్యి పడింది. మా ఆవిడ పేపరు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది మీ మోచెయ్యే కదండీ? ఆ గళ్ల చొక్కా మనం మొన్న కొన్నదే," అంది. పాపం, మెచ్చుకోలుగానే అంది. ఆ చొక్కా నేను మళ్లీ వేసుకోలేదు.

మా సైన్సు విభాగం హెడ్డు పదకొండింటికి టీకి నన్ను పిలిచేవారు. మొదట "ఆ అమ్మాయిని కూడా రమ్మనండి" అన్నారు. తర్వాత "అమ్మాయి వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత టీ ఆమె ల్యాబ్‌కే వెళ్లింది. పిల్లలు ఆమెను బొగ్గు మేడమ్ అనసాగారు. నన్ను బొగ్గు మాస్టారన్నప్పుడు రాని కోపం ఆమెను బొగ్గు మేడమ్ అన్నప్పుడు వచ్చింది. అసూయ అంటే కడుపుమంట అంటారు. నాకు మంట కాదు, చెవులు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు, ఆమె ఫోన్ మోగడం, హెడ్డు గదిలో ఆమె నవ్వు, అన్నీ నా గదిలోకి వినపడేవి. మూడు గదుల అవతల ఉన్నా వినపడేవి.

ఎలక్ట్రిక్ ఆటోలకు సామాను చేసే ఒక కంపెనీవాళ్లు కబురు చేశారు. ఇంకో మూడు విడతలు చేయండి, ఆఖరిదాన్ని మా ఎదుట కొలిచి చూపించండి, అంకె నిలబడితే ప్రాజెక్టు ఇస్తాం అన్నారు. నిలబడితే ఆమె ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది, పీహెచ్‌డీ తేలుతుంది, బోదెలు కొనడానికి లంకల్లో ఒక కేంద్రం పెడతారు. నిలబడకపోతే ఏమవుతుందో అప్పుడెవరూ ఆలోచించలేదు. మొదటి పొడి కొలతలకే అయిపోయింది. మిగిలింది గ్రాఫులు మాత్రమే.

వానలు మొదలయ్యాయి. ఆమెకు క్లాసులు పెరిగాయి. ఈసారి తండ్రి పచ్చి బోదెలే ట్రాలీ ఆటోలో పంపాడు. షెడ్డులో తాత కోసి, ఎండబెట్టి, పొడి చేసి ఇస్తే ఆమె తీసుకెళ్లి కాల్చింది. ఆ మూడింట్లో మొదటి విడత దెబ్బతింది. అంకె నా గుర్రపుడెక్క కంటే తక్కువ. రెండోదీ అంతే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటర్ ఆపి రెండు ప్లేట్లు పునుగులు తిన్నాను. ఎందుకు తింటున్నానో తెలిసే తిన్నాను.

మర్నాడు ఆమె వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"సార్, మీరొకసారి చూడండి. నాకేం తోచట్లేదు. అదే బోదె, అదే ఫర్నేస్, అదే టెంపరేచర్. ఎక్కడ పోతోందో మీకైతే తెలుస్తుంది."

"చూస్తాలే అమ్మా" అన్నాను.

నిజంగానే చూడ్డానికి వెళ్లాను. షెడ్డులో నాలుగు ప్లాస్టిక్ టబ్బుల్లో మూడో విడత బోదె చక్రాలు నానుతున్నాయి. నీళ్లు చిక్కటి టీ డికాక్షన్‌లా ఉన్నాయి.

"ఇవెందుకు నానబెట్టావు తాతా?"

"మీరు రాయించిన పద్ధతే కద సార్. ఏ చెత్త వచ్చినా ముందు నానెయ్యాలని." గోడ మీది కాగితం చూపించాడు. "అమ్మాయిగారు మొదటిసారి ఇంటికాడే ఎండబెట్టుకొచ్చారంట. నాకు తెలిస్తే అప్పుడే నానేసి ఇచ్చేవోణ్ని."

"ఆవిడకు చెప్పావా, నానబెడుతున్నట్టు?"

"అడగలేదండీ ఆవిడ. అందరికీ చేసేదే గదా."

ఒక సీసాలో ఆ నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చి తలుపు వేశాను. కొంచెం మరగబెట్టి చిక్కబరిచాను. తీగ ముంచి మంటలో పెట్టి నీలం గాజు ముక్కలోంచి చూశాను. ఇంటర్ పిల్లలు కూడా చేసే పరీక్ష ఇది. మంట వంకాయ పువ్వు రంగులో వెలిగింది. పొటాషియం!

అరటి బోదె నిండా పొటాషియం లవణాలుంటాయి. మేము బయటనుంచి కలిపే క్షారం చేసే పనిని, కాల్చేటప్పుడు బోదెలో ఉన్న ఆ లవణాలే చేస్తున్నాయి. గదులూ కాదు, తేనెపట్టూ కాదు. కాల్చాక కడగడం వేరు, అది అందరూ చేసేదే. కానీ కాల్చకముందే నానబెడితే, తొలిచే చీమలన్నీ నీళ్లలో కొట్టుకుపోతాయి. మిగిలేది ఉత్త పీచు. అంత నీళ్లుండే కాండాన్ని చక్రాలుగా కోసి రోజంతా నానబెడితే ఇంకేం మిగులుతుంది?

ఆమెకు ఒక్క మాట చెబితే చాలు. ఆ మాటతో ఆమె గెలుస్తుంది, ఎందుకు గెలిచిందో కూడా తెలుసుకుంటుంది.

అప్పుడే రెండోది తోచింది. మంట ఆర్పి కుర్చీలో కూర్చుండిపోయాను. గుర్రపుడెక్కలోనూ పొటాషియం దండిగా ఉంటుంది. కెమిస్ట్రీ మాస్టారికి అది తెలియకపోవడమేమిటి, తెలుసు. తొమ్మిదేళ్లుగా నేను దాన్ని మూడు నీళ్లు కడిగి, ఇరవైనాలుగు గంటలు నానబెట్టి, ఆ నీళ్లను డ్రైన్‌లో పోయించి, ఆ తర్వాత పొటాషియం క్షారం సీసాలు తెప్పించి కలుపుతున్నాను. నా పాసు మార్కుల రహస్యం గోడమీద నా చేతిరాతతోనే ఉంది.

ఆమెకు చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి. బొగ్గు మాస్టారు తొమ్మిదేళ్లు తన అదృష్టాన్ని తానే కడుక్కున్నాడని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కడగడం మరిచిపోయి గెలిచిందని కాలేజీ అంతా చెప్పుకుంటుంది. నా ఇండెంటు సొరుగు సంగతి బయటపడకపోయినా నాకైతే గుర్తుంటుంది. క్షారం నేను ఆపడమే ఆమెకు మేలు చేసింది!

సీసా సింకులో వంచేశాను. కంపెనీవాళ్లు రావడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

మూడు రోజుల తర్వాత అడిగింది. "ఏమైనా తెలిసిందా సార్?"

"వానాకాలం కదమ్మా, బోదెలో నీరెక్కువుంటుంది. బాగా ఎండబెట్టమను."

"అంతేనంటారా?" అని కాసేపు ఆలోచించి, కొంచెం సిగ్గుపడుతూ అంది. "మా అమ్మ ఆదివారం చర్చిలో ఈ పని కోసం ప్రార్థన పెట్టించింది సార్. మీ పేరు కూడా చెప్పిందట. మా అమ్మాయికి సాయం చేస్తున్నారు, ఆయన్ని దీవించమని."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఇంతలో హెడ్డు గదిలోంచి "అమ్మాయి ఎక్కడ?" అని కేక వినపడింది. ఆమె పరుగెత్తింది. నా నోరు మూసుకుపోయింది. ఆ కేక మీద తప్పు నెట్టడం లేదు. ఇంకా తొమ్మిది రోజులున్నాయి, ఏ రోజైనా చెప్పవచ్చు. ప్రతి ఉదయం ఇవాళ చెబుదామనుకునేవాణ్ని. మెట్ల మీద ఆ చెప్పుల చప్పుడు వినగానే రేపు చెబుదామనిపించేది.

కంపెనీవాళ్లు వచ్చే రోజు ఉదయాన్నే నేను చేసిన పని మాత్రం మొహమాటమూ కాదు, మౌనమూ కాదు. తాతను పిలిచి, కొండపల్లి వెళ్లి బొమ్మలు చేసేవాళ్ల దగ్గర పొణికి చెక్క పొట్టు ఒక బస్తా తెమ్మన్నాను.

"ఇవాళేనా సార్? అమ్మాయిగారి పరీక్షంట గదా. నేనుంటే దేనికన్నా అక్కరకొస్తానేమో."

"నీతో ఏం పని? వెళ్లిరా" అన్నాను.

హెడ్డు గదిలో ఐదుగురం. హెడ్డు, కంపెనీనుంచి ఇద్దరు ఇంజనీర్లు, ఆమె, నేను. ఉదయం వాళ్ల ఎదుటే ఆమె బిళ్లను కొలిచింది. అంకె మునుపటికన్నా కింద పడింది. ఇద్దరిలో పెద్దాయన మర్యాదస్తుడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

"మేడమ్, మొదటిసారి ఒక్కటే అంత ఎక్కువొచ్చింది. తర్వాత మూడుసార్లూ రాలేదు. తూకంలో ఏమైనా పొరపాటు జరిగి ఉంటుందా?"

దీనికి కూడా ఒక మాట చెప్పాలి. మా ఫలితాన్ని గ్రాముకు ఇంత అని లెక్కగడతాం. బిళ్లకు పూసే పొడి మాత్రం కొద్ది మిల్లీగ్రాములు. తూకం కాస్త తక్కువగా రాసుకుంటే ఫలితం ఆకాశానికెక్కుతుంది. పొరపాటున రాసినా ఎక్కుతుంది, కావాలని రాసినా ఎక్కుతుంది.

"లేదండీ. నేనే తూచాను," అందామె.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారేనండీ."

హెడ్డు నావైపు తిరిగారు. "మాస్టారూ, మీరు చెప్పండి. ఈ బొగ్గు పనిలో మాకందరికీ పెద్ద మీరే. సరుకు తయారుచేయడంలో మొదటిదానికీ వీటికీ ఏమైనా తేడా ఉందా?"

"లేదండీ. మా షెడ్డులో అన్నిటికీ ఒకటే పద్ధతి."

విడదీసి చూస్తే రెండో వాక్యంలో అబద్ధం లేదు. అబద్ధమాడేవాళ్లు ఇలాంటి వాక్యం ఒకటి దగ్గర పెట్టుకుంటారు.

"తాతగారిని ఒకసారి పిలుస్తారా సార్?" అని ఆమె అడిగింది. "ఎండబెట్టడం అదీ ఎలా చేశారో..."

"తాత ఏడండీ?" అన్నారు హెడ్డు.

"కొండపల్లి వెళ్లాడండీ. పొణికి పొట్టు తేవడానికి."

"ఇవాళే దొరికిందా ముహూర్తం! సరే, పోనివ్వండి."

"అయితే తూకమే అయ్యుంటుంది," అని పెద్ద ఇంజనీరు ఫైలు మూశాడు. కోపంగా కూడా అనలేదు.

సాయంత్రం తాత బస్తా భుజాన వేసుకుని వచ్చి, దించకముందే అడిగాడు. "ఏమైంది సార్ అమ్మాయిగారిది?"

"పోయింది తాతా."

"అయ్యయ్యో! ఈపాలి బాగా రావాలని ఇంకో రెండు నీళ్లు ఎక్కువే కడిగానండీ. రెండు రోజులు నానేశాను."

బస్తా ఒక మూల దించమన్నాను.

హెడ్డు ఒక పేజీ రిపోర్టు రాశారు. "మొదటి ఫలితం తూకంలో పొరపాటు వల్ల వచ్చి ఉండవచ్చు" అని. ఆయన రాసింది "ఉండవచ్చు" అనే. వారం తిరిగేసరికి వరండాల్లో అది "కావాలనే తగ్గించి రాసిందంట" అయింది. పరిశోధన పత్రికకు ఆమె పంపిన వ్యాసం వెనక్కి తీసుకోమన్నారు. యూనివర్సిటీలో ఆమె గైడు, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ వదులుకోవడమే మర్యాద అన్నాడు. ఏడాది చివర కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లిపోతూ ఫర్నేస్ తాళంచెవి ఇవ్వడానికి వచ్చి, "థాంక్స్ సార్. ఆ రోజు సరుకులో తేడా లేదని, నేనేమీ మార్చలేదని చెప్పి మీరొక్కరే నా పక్కన నిలబడ్డారు," అంది.

ఆ తర్వాత ఒక శనివారం కడగని గుర్రపుడెక్కను కాల్చాను. పైపైన బురద దులిపి, నానబెట్టకుండా, క్షారం కలపకుండా కాల్చాను. తొమ్మిదేళ్లలో ఎన్నడూ రాని అంకె వచ్చింది. తలుపు వేసుకుని ఆ గ్రాఫును చాలాసేపు చూశాను. ఎవరికీ చూపించలేకపోయాను. చూపిస్తే ఎలా చేశావని అడుగుతారు. అసూయపడినవాడికి ఇంతకన్నా తగిన బహుమానం ఎవరూ కనిపెట్టలేరు. పోయినేడాది ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చి వీఆర్‌ఎస్ తీసుకున్నాను. ఆరోగ్యం బాగానే ఉంది.

అలాగే నోరు మూసుకుని పోయేవాణ్నేమో. రెండు నెలల కిందట మా చిన్నమ్మాయి, పటమటలో ఇంటర్ చదువుతోంది, ప్రాక్టికల్ రికార్డు రాసుకుంటూ చెప్పింది.

"నాన్నా, మా ఫిజిక్స్ మేడమ్ ఏది తూచినా మూడుసార్లు తూయమంటుంది. ఒక్కసారి తూచి తెచ్చామో, రికార్డు మొహాన కొడుతుంది."

"మంచిదేగా."

"మంచిదే. ఎందుకు మేడమ్ అంటే, నేనొకసారి తప్పు తూచి జీవితం పోగొట్టుకున్నానమ్మా, మీరు పోగొట్టుకోకండి అంది. క్లాసంతా సైలెంట్ అయిపోయాం. ఏం తూచిందో మాత్రం చెప్పలేదు."

ఏ ఊరు మీ మేడమ్‌ది అని అడిగాను. లంకల్లో ఊరని చెప్పింది.

ఆరేళ్లుగా నాకున్న ధీమా ఏమిటంటే, తన తప్పు లేదని ఆమెకైతే తెలుసు కదా అని. లోకం అన్యాయం చేసిందని తిట్టుకుంటూ ఉంటుందిలే అనుకున్నాను. తిట్టుకునే హక్కు కూడా నేను మిగల్చలేదని అప్పుడు తెలిసింది. ఆమె నా అబద్ధాన్ని నమ్మి, దాన్నే పిల్లలకు పాఠంగా చెబుతోంది.

కాలేజీకి, యూనివర్సిటీకి కలిపి ఒక ఉత్తరం రాశాను. మూడు రోజులు దిద్దాను. తీసుకుని పటమట వెళ్లాను. స్టాఫ్ రూమ్ బయట బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, తనూ ఒక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కణతల దగ్గర ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

"పాప బాగా చదువుతోంది సార్. మీ అమ్మాయని నాకు తెలియదు సుమండీ."

"దాని గురించి రాలేదమ్మా," అని ఉత్తరం చేతిలో పెట్టాను.

మొదటి పేరా చదివి తలెత్తింది. "బోదెలు నానబెట్టారా?"

"షెడ్డులో నా నియమం అది. తాత నా మాట ప్రకారం చేశాడు."

"ఎంతసేపు?"

"ఒక రోజు. చివరిసారి రెండు రోజులు."

ఆమె పెదాలు కదిలాయి. లోపల ఏదో లెక్క నడుస్తోంది. "నీళ్లు ఏ రంగులో ఉన్నాయి సార్?"

"చిక్కటి టీలాగా."

"మీరు చూశారా?"

అబద్ధం అక్కడిదాకా వచ్చి నిలబడింది. "చూశాను. మంటలో పెట్టి కూడా చూశాను. పొటాషియం."

"ఎప్పుడు?"

"వాళ్లు రావడానికి పన్నెండు రోజుల ముందు."

వరండాలో ఎవరో పిల్లలు నవ్వుకుంటూ వెళ్లారు. ఆమె వాళ్లు మలుపు తిరిగేదాకా చూసింది.

"అంటే నా తూకం సరిగ్గానే ఉంది," అంది. నాతో అన్నట్టు లేదు. "ఇంట్లో కూరగాయలు కూడా రెండోసారి తూయించుకుంటాను సార్ నేను. రైతుబజార్లో నవ్వుతారు."

"నన్ను క్షమించమ్మా."

"అది ఇప్పుడు అడక్కండి."

ఉత్తరం మిగతాది చదివింది. పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను బ్యాగులోంచి తీసి ఒక వాక్యం కింద గీత గీసింది. మూడు రోజులు నేను అన్నిటికన్నా ఎక్కువగా చెక్కిన వాక్యం అదే. "నానబెట్టడం వల్ల లవణాలు పోయిన సంగతిని ఆనాడు నేను గమనించలేకపోయాను."

"పన్నెండు రోజుల ముందు మంటలో పెట్టి చూశానంటున్నారు. ఇదేంటి సార్?"

దాన్ని కొట్టేస్తానన్నాను.

"తాతగారిని ఆ రోజు కొండపల్లి పంపింది...?"

"కావాలనే పంపాను."

"అది ఇందులో లేదు."

"రాస్తాను."

"ఇప్పుడే రాయండి. నాకు క్లాసుకు పది నిమిషాలుంది." రికార్డు పుస్తకంలోంచి తెల్లకాగితం ఒకటి చించి ఇచ్చింది. "గైడుగారు రిటైరయ్యారు. రిజిస్ట్రేషన్ మళ్లీ తెరుస్తారో లేదో కనుక్కోవాలి. తెరవకపోయినా సరే, ఇది వాళ్ల ఫైల్లో ఉండాలి."

బెంచీ మీద ఒళ్లో అట్ట పెట్టుకుని రాశాను. నాకు తెలుసు అని రాశాను. తెలిసే చెప్పలేదు అని రాశాను. ఎందుకు చెప్పలేదో కూడా రాయమంటుందేమోనని ఆగి చూశాను. ఆమె అడగలేదు. అయినా రాశాను. "ఆమె నాకన్నా బాగా చేసిందన్న అసూయతో." ఆ మాట నా చేతిరాతలో చూడడం అదే మొదటిసారి.

ఆమె నిలబడే చదివింది. తేదీ వేయమంది, వేశాను. సంతకం కింద పూర్తి పేరు, పాత హోదా రాయమంది, రాశాను. బెల్లు మోగింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, స్టాఫ్ రూమ్ బల్లమీది చాక్‌పీసు తీసుకుని క్లాసుకు నడిచింది. నన్ను వెళ్లమనీ అనలేదు, ఉండమనీ అనలేదు.